మార్జెరీ కుండలో దుంపలు

కుండెడు దుంపలు ఉడకబెట్టుకు తిని, నలభై మంది ఇంగ్లీషువాళ్ళు ఒక్క పూటలో నోళ్ళు వాచి కూలబడ్డారు. హైమవతిగారు కథ ఎత్తుకున్నదే అక్కడ. ఆవిడ నర్సీపట్నంలో ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు మాలాంటి టీచర్లం కొందరం ఆవిడ వరండాలో చేరేవాళ్ళం. ఎవరేం అడిగినా సలహా ఇచ్చే అలవాటు ఆవిడకు లేదు. ఎక్కడో ఏదో చెడిపోయిన సంగతి మొదలుపెట్టేవారు.

ఆ రోజు అడిగింది కుముదిని. ఏజెన్సీలో ఒక కొండ ఊరి బడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్ళి నెలయింది. ఆ ఊరి భాష ఆమెకు రాదు. కొన్ని రోజులు పిల్లలు సగం మంది బడికి ఎందుకు రారో తెలియదు. వాన పడితే ఏ దారి మునుగుతుందో తెలియదు.

"తెలియదని ఊళ్ళోవాళ్ళనే అడిగితే లోకువైపోనా మేడమ్? రేపు నా మాట ఎవరు వింటారు?" అంది.

హైమవతిగారు మమ్మల్ని నాలుగు వందల ఏళ్ళ వెనక్కి, అమెరికా తీరానికి తీసుకుపోయారు. అక్కడ వంద మంది ఇంగ్లీషువాళ్ళు ఓడ దిగి, దుంగలు పాతి చుట్టూ కోట కట్టుకున్నారు. గోధుమ చల్లారు. మొలిచింది గానీ గింజ పట్టలేదు. తెచ్చుకున్న పిండికి పురుగు పట్టింది. రావలసిన ఓడ రాలేదు. రెండో ఏడు చలి తగ్గేసరికి నలభై మంది మిగిలారు.

వాగు అవతల ఆ నేల మనుషుల ఊరు ఉంది. వాళ్ళు మాత్రం బురదలోంచి ఏవో దుంపలు తవ్వుకుపోయి శుభ్రంగా తింటున్నారు. వీళ్ళు పొదల చాటు నుంచి చూశారు. అడగలేదు. కోటకు పెద్ద కెప్టెన్ ప్రౌట్. ఆయనకు అడగడమంటే నామోషీ. అవతలివాళ్ళు వెళ్ళిపోయాక అవే దుంపలు తవ్వించి, వంట చేసే మార్జెరీ ముందు పోయించాడు. ఆమె తన దేశంలో ముల్లంగి ఉడికించినట్టే వాటినీ ఉడికించింది.

"మన కంద లాంటివే అనుకోండి," అన్నారు హైమవతిగారు. "దురద మాత్రం పదింతలు. చింతపండుకు లొంగే రకం కాదు."

కెప్టెన్ వాచిన నోటితోనే కేకలు వేశాడు. "విషం! వాళ్ళు మనకు విషం పెట్టారు. ఇవాళే వెళ్ళి ఆ ఊరు తగలబెడదాం."

"వాళ్ళెప్పుడు పెట్టారండీ? తవ్వించింది మీరు, వండింది నేను, తిన్నది అందరం," అంది మార్జెరీ. ఆమె పెదాలూ ఉబ్బి ఉన్నాయి.

"మనం చూస్తున్నామని తెలిసే తవ్వారు!"

"మీరు పొద చాటున బాగా దాక్కున్నానన్నారుగా."

కోటలో తుపాకి ఎత్తగల మగవాళ్ళు పదిమంది లేరు. అవతల రెండు వందల మంది. తగలబెట్టడానికి వెళితే సాయంత్రానికి తామే ఉండరని మార్జెరీకి తెలుసు. రేపు పొద్దు వాలేదాకా గడువడిగింది.

"ఒక్కదానివే వెళితే చంపేస్తారు," అన్నాడు కెప్టెన్.

"చంపితే ఇక్కడ ఒకరి తిండి మిగులుతుంది," అని మిగిలిన దుంపల కుండ చంకనెత్తుకుని వాగు దాటింది.

అవతలి ఒడ్డున ఆడవాళ్ళు పిండి దంచుకుంటున్నారు. వాళ్ళు ఆమె పెదాలు చూశారు, కుండలోకి చూశారు, రోకళ్ళు వదిలేసి పగలబడి నవ్వారు. తసిక అనే ఆవిడయితే నిలబడలేక నేల మీద చతికిలబడింది. ఇళ్ళలోంచి పిల్లల్ని కూడా పిలిచి చూపించారు. మార్జెరీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదలలేదు. నవ్వు తగ్గాక ఒక దుంప పైకి తీసి, మరెలాగన్నట్టు చేయి తిప్పింది.

తసిక కుండలోది తుప్పల్లో పారబోసి, ఆమెను చేయి పట్టుకుని తీసుకుపోయింది. దుంపలు చెక్కలుగా కోయాలి. గుంటలో ఆకులు పరిచి, చెక్కలు పేర్చి, మట్టి కప్పి, పైన ఒక రోజంతా మంట వేయాలి. ఆ తర్వాత ఎండబెట్టి దంచాలి. ఒక గుంట మీద ఇంకా మంట మండుతోంది, ఒకటి అప్పుడే తవ్వుతున్నారు, పక్కన తట్టల్లో చెక్కలు ఎండుతున్నాయి. అందుకని మార్జెరీ పనంతా ఆ ఒక్క మధ్యాహ్నంలోనే చూడగలిగింది. మర్నాడు పొద్దు వాలకముందే, ఆ పిండితో వాళ్ళు కాల్చి ఇచ్చిన బుట్టెడు రొట్టెలతో కోటకు తిరిగొచ్చింది.

కెప్టెన్ అప్పటికే మనుషుల్ని వరసలో నిలబెట్టి ఉన్నాడు. మార్జెరీ వాళ్ళ ఎదురుగా కూర్చుని ఒక రొట్టె మొత్తం తినేసింది. ఏమీ కాలేదు.

"ఎలా తెలిసింది?" అన్నాడు కెప్టెన్.

"అడిగాను."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"ఇంగ్లండు రాజుగారి మనుషుల్ని చూసి నవ్వుతారా?"

"రాజుగారు తిన్నా పెదాలు ఇలాగే వాచేవి కెప్టెన్ గారూ. తీసుకోండి, చల్లారిపోతోంది."

వరస చెదిరిపోయింది. తుపాకులు గోడకు ఆన్చి అందరూ బుట్ట చుట్టూ మూగారు. కెప్టెన్ రెండు తిన్నాడు. ఆ వేసవిలో మార్జెరీ వాగు అవతలే మొక్కజొన్న నాటడం నేర్చుకుంది, వాగుకు అడ్డంగా తడికెలు కట్టి చేపలు పట్టడం నేర్చుకుంది. శరత్కాలంలో ఓడ వచ్చింది. సమాధులు లెక్కపెట్టుకోవాలేమో అనుకుంటూ దిగినవాళ్ళకు ముందుగా కాల్చిన చేపల వాసన తగిలింది. అయిదేళ్ళలో అక్కడ మూడు వందల మంది, ఒక చర్చి, ఒక పిండిమర.

కుముదిని ఊరుకోలేదు. "తర్వాత వాగు అవతలి ఊళ్ళన్నీ వీళ్ళే లాక్కుని ఉంటారు కదా మేడమ్!"

"లాక్కున్నారు. అడగడం మానేశాక," అన్నారు ఆవిడ.

మార్జెరీ మాత్రం మానలేదట. ఈ నేలలో తనకు తెలియని ఆకు గానీ, దుంప గానీ, చేప గానీ, వాగు దాటి అడక్కుండా పొయ్యి మీద పెట్టకూడదని ఆ రొట్టెలు మోసుకొచ్చిన రోజే నిర్ణయించుకుంది. ఇరవై ఆరేళ్ళు అలాగే నడుచుకుంది. కొత్తగా దిగిన కుర్రకారు, "ఇంకా నీకు తెలియనివి మిగిలాయా అవ్వా?" అని వెనక నుంచి వేళాకోళం చేసినా, కర్ర పట్టుకుని వాగులోకి దిగేది.

"అయితే ఆమె ఆ కుర్రకారుకు లోకువ అయిపోయినట్టేగా?" అంది కుముదిని.

"కాకేం?" అన్నారు హైమవతిగారు. "ఆమె వండింది కడుపునిండా తిని మరీ నవ్వేవారు."