ఆరుగురి ఇంట్లో ఏడో మనిషి

జగ్గయ్యపేటలో సిమెంటు, ఇనుము అమ్ముకునే గోవర్ధనం అనే పెద్దమనిషి ఉండేవాడు. నిజం చెప్పి ఒక మాట పడటం కంటే చిన్న అబద్ధంతో ఆ పూట గట్టెక్కడమే మేలని అతని నమ్మకం. చెడ్డవాడేం కాదు. అబద్ధమాడి ఎవరి నోరూ కొట్టలేదు. వెళ్లడం ఇష్టం లేని పెళ్లికి పిలిస్తే జ్వరమొచ్చిందనేవాడు. ఫోను ఎత్తకపోతే ఛార్జింగు అయిపోయిందనేవాడు. ఇలాంటివి మనమూ ఆడుతుంటాం కాబట్టి అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

ఒక వేసవిలో ఇంటిల్లిపాదీ విశాఖపట్నం వెళ్లాలనుకున్నారు. ఆ ప్రయాణానికి మూలం గోవర్ధనం మేనత్త మాణిక్యమ్మ. గోవర్ధనానికీ, అతని తమ్ముడు మురహరికీ ఊహ తెలియకముందే తల్లి పోయింది. అప్పటికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన మాణిక్యమ్మ ఆ ఇద్దరినీ పెంచి పెద్ద చేసింది. వాళ్ల పెళ్లిళ్లయ్యాక కోడళ్లకు అత్తగారయింది. గోవర్ధనం పిల్లలిద్దరికీ మామ్మ అయింది. డెబ్బై దాటినా ఆవిడ సముద్రం చూడలేదు. ఆ ఏడాది మోకాళ్లు మరీ పట్టేస్తుంటే ఒకరోజు నోరు విడిచి అడిగింది.

"ఒరేయ్, ఈ కాళ్లు పూర్తిగా పడిపోకముందే ఒక్కసారి సముద్రంలో పాదాలు తడుపుకోవాలనుందిరా."

"అదెంత పనత్తా! అందరం కలిసి వెళ్దాం" అన్నాడు గోవర్ధనం.

అడిగింది ఆవిడ ఒక్కతే. కానీ కోరికలు మాత్రం ఇంట్లో అందరికీ పుట్టుకొచ్చాయి. నాలుగు రోజులుండాలి కాబట్టి హోటలు వద్దు, ఇల్లే అద్దెకు తీసుకుందాం అన్నారు. గోవర్ధనం కొట్టు కట్టేసి వచ్చి రోజూ ఫోనులో ఇళ్ల ఫోటోలు చూసేవాడు. అతని భార్య హైమావతి, "వంటగది లేకపోతే నేను రాను. బయట తిండికి పిల్లల కడుపులు పాడవుతాయి" అంది. మురహరికి రెండు గదుల్లోనూ ఏసీ కావాలి. మురహరి భార్య శ్యామలకు బాల్కనీలోంచి సముద్రం కనబడాలి. వంటగది ఉన్నచోట సముద్రం లేదు. సముద్రం ఉన్నచోట ఏసీ లేదు. అన్నీ ఉన్న ఇల్లు వాళ్లకు కావలసిన రోజుల్లో ఖాళీ లేదు. చూసి చూసి గోవర్ధనానికి విసుగొచ్చింది. ఆ విసుగు ముదిరి నీరసంగా మారింది. అసలు ఊరెందుకు వెళ్తున్నామన్నది కూడా అతనికి గుర్తు లేకుండా పోయింది. ఇంతలో మాణిక్యమ్మను మాత్రం, "నీకేం కావాలి?" అని ఎవరూ అడగలేదు. ఆవిడ జంతికలు, సున్నుండలు చేసి డబ్బాలకెత్తుతూ మురిసిపోతూ ఉండేది.

ఎట్టకేలకు ఒక ఇల్లు దొరికింది. ఇంటి యజమానురాలు సుగుణగారు అదే అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉంటారు. ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసినావిడ. ఫోనులో కూడా ఆ గొంతు బెత్తం పట్టుకున్నట్టే ఉండేది.

"ముందే చెబుతున్నానండీ, ఆరుగురికి మించితే ఇవ్వను. ఇదివరకు నలుగురమని చెప్పి కుర్రాళ్లు గుంపుగా దిగారు. అపార్ట్‌మెంటంతా గోల గోల చేశారు. ఇంతకీ మీరెంతమంది?"

గోవర్ధనం, భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు, మరదలు. అక్కడికే ఆరుగురయ్యారు. మాణిక్యమ్మతో కలిపి ఏడుగురు. "మా పెద్దావిడ కూడా ఉందండీ" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ సుగుణగారు కాదంటే మళ్లీ మొదటినుంచి వెతకాలి. ఆ ఓపిక అతనికి లేదు.

"ఆరుగురమేనండీ" అన్నాడు.

పక్కనే ఉన్న హైమావతి, "మరి అత్తయ్యగారో?" అంది.

"గుప్పెడు మనిషి. ఓ మూల చాప వేస్తే పడుకుంటుంది. ఎవరికి కనబడుతుంది?"

"ఉన్నమాట చెప్పేయరాదూ?"

"చెబితే ఇల్లు పోతుంది. పోతే ఈసారి నువ్వు వెతుకు" అన్నాడు గోవర్ధనం. ఇల్లు వెతకడమంటే ఏమిటో హైమావతికీ ఈపాటికి తెలుసు.

అందరూ విజయవాడ వెళ్లి రైలెక్కారు. విశాఖలో దిగేసరికి ఎండ మండిపోతోంది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర గోవర్ధనం అత్తను ఒక సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"అత్తా, తాళాలు తీసుకుని మళ్లీ వస్తాను. అందాకా ఇక్కడ కూర్చో."

"అలాగేలేరా, నెమ్మదిగా రా" అంది మాణిక్యమ్మ.

సుగుణగారు ఇల్లు తెరిచి గీజరు స్విచ్చు, గ్యాసు, చెత్త బుట్ట అన్నీ చూపించారు. ఆవిడ పైకి వెళ్లగానే అత్తను తీసుకురావాలని గోవర్ధనం అనుకున్నాడు. ఏసీ చల్లగా తగిలింది. ఒక్క నిమిషం నడుం వాల్చాడు. కన్ను మూతపడింది. మిగతావాళ్లు బాల్కనీలో నిలబడి సముద్రం చూస్తూ ఉండిపోయారు. ప్రయాణం చేసి అలిసిపోయామని అందరూ అనుకున్నారు గానీ, అలిసిపోయినవాళ్లలో ఒకరు కింద ఎండలో ఉన్నారని ఎవరికీ తట్టలేదు.

కాలింగ్ బెల్ మోగింది. గోవర్ధనం ఉలిక్కిపడి లేచి తలుపు తీశాడు. ఎదురుగా సుగుణగారు. ఆవిడ భుజం ఆసరాగా పట్టుకుని మాణిక్యమ్మ. ముఖం కందిపోయి ఉంది.

"ఈవిడ ఇందాకటినుంచీ కింద ఎండలో కూర్చుని ఉన్నారు. ఎవరమ్మా అంటే, మావాడు వస్తాడు అంటున్నారు. మీ మనిషేనా?" అన్నారు సుగుణగారు.

అవునండీ, మా అత్త అంటే అయిపోయేది. కానీ ఆరుగురమని అప్పటికే చెప్పి ఉన్నాడు. ఇప్పుడు నిజం చెబితే సామానుతో సహా రోడ్డున నిలబడాల్సి వస్తుందని భయపడ్డాడు. పనివాళ్లను ఎవరూ లెక్కపెట్టరు కదా అన్న ఉపాయం అప్పుడే తోచింది.

"మా వంటావిడండీ. పిల్లలకు బయట తిండి పడదని వెంట తెచ్చుకున్నాం. వంటింట్లోనే పడుకుంటుంది" అన్నాడు.

మురహరి పైకప్పు వైపు చూశాడు. హైమావతి తల దించుకుంది. గోవర్ధనం చిన్నకూతురు నిత్య "మామ్మా!" అనబోతే శ్యామల దాని నోరు మూసి లోపలికి లాక్కెళ్లింది.

"వంటావిడైతే మాత్రం పెద్దమనిషిని అలా ఎండకు వదిలేస్తారా?" అని సుగుణగారు కసురుకుని వెళ్లిపోయారు.

మాణిక్యమ్మ అతని వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. గ్లాసుడు నీళ్లు తాగింది. తర్వాత, "బియ్యం ఎక్కడ పెట్టావమ్మా?" అని హైమావతిని అడిగి వంటింట్లోకి నడిచింది.

గోవర్ధనం వెనకే వెళ్లాడు. "ఊరికే అన్నాను అత్తా. ఆవిణ్ని పంపించేద్దామని..."

"తెలుసులేరా. ఒకసారి అన్నాక ఆ మాట నిలబడాలిగా. ఆవిడ ఎప్పుడు దిగివస్తుందో ఏమో" అంది మాణిక్యమ్మ.

ఆ సాయంత్రం అందరూ బీచికి బయలుదేరారు. "రా అత్తా, నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు గోవర్ధనం.

"వంటావిడ మీతో షికారుకొస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పోయి రండి."

అది నిష్ఠూరమో, నిజంగానే అందో ఎవరికీ తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. రేపు తీసుకెళ్దాంలే అనుకున్నారు. మర్నాడు కైలాసగిరి ఎక్కారు. ఆ మర్నాడు జంతుప్రదర్శనశాల చూశారు. తిరిగి తిరిగి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి వేడివేడి అన్నం, పప్పు, వేపుడు సిద్ధంగా ఉండేవి. ఆవిడ అందరికీ వడ్డించి, చివర్న వంటింట్లోనే కూర్చుని తినేది. మొదటిరోజు అది చూసి అందరికీ గొంతులో ముద్ద దిగలేదు. తర్వాత దిగింది. అలవాటైపోయింది.

మూడో రోజు సాయంత్రం నిత్య సోఫాలో కాళ్లు చాపుకుని పడుకుంది.

"ఏయ్ వంటావిడా, మంచినీళ్లు తే!" అని కేకేసింది.

మాణిక్యమ్మ ఒక చేత్తో మోకాలు పట్టుకుని, మరో చేత్తో గ్లాసు తెచ్చింది. "ఇదిగోండి అమ్మగారూ" అంది.

పిల్ల పకపకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. గోవర్ధనం లేచి పిల్లను కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆ మాట దానికి నేర్పింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తిన చెయ్యి దించేశాడు.

మర్నాడు ఉదయమే గోవర్ధనం సుగుణగారి తలుపు తట్టాడు. "అమ్మా, నేను అబద్ధం చెప్పాను. ఆవిడ వంటావిడ కాదు. మా మేనత్త. నన్నూ, మా తమ్ముణ్నీ పెంచిన తల్లి" అన్నాడు.

"ఆ నియమం అల్లరి కుర్రాళ్ల కోసం పెట్టుకున్నానయ్యా" అన్నారు సుగుణగారు. "ఇంట్లో పెద్దావిడ ఉందని ఫోనులో ఒక్క మాట చెబితే నేను కాదనేదాన్నా? ఇంకో మంచం వేయించి ఉండేదాన్ని."

సుగుణగారే కిందికి దిగివచ్చి, వంటింట్లో మాణిక్యమ్మ చేతులు పట్టుకున్నారు.

"అక్కయ్యా, మీరైనా నాతో చెప్పకూడదా?"

"వాడు చెప్పిందాంట్లో అబద్ధం ఏముందమ్మా?" అంది మాణిక్యమ్మ. "ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో వండిపెడుతూనే ఉన్నాను. తల్లిననుకుని వండాను. వాళ్లు ఏమనుకుని తిన్నారో మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది."

గోవర్ధనం ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయింది అత్తా. రైలుకింకా టైముంది. పద, సముద్రం దగ్గరికి తీసుకెళ్తాను. నడవలేకపోతే ఎత్తుకెళ్తాను" అని ఏడ్చాడు.

మాణిక్యమ్మ అతని తల నిమిరింది. "ఏడవకురా. నాకు నీమీద కోపం లేదు. కానీ వద్దు. నాలుగు రోజులూ నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి. బాగా అలిసిపోయాను నాయనా. ఇంటికి పోదాం" అంది.

అతను ఎంత బతిమాలినా ఆవిడ మాట మార్చుకోలేదు. అందరూ ఆ మధ్యాహ్నమే రైలెక్కారు. మరుసటి వేసవికి మాణిక్యమ్మ గడప దాటలేని స్థితికొచ్చింది. సముద్రం సంగతి ఆవిడా ఎత్తలేదు, గోవర్ధనమూ ఎత్తలేకపోయాడు.

నీతి: ఎంత గండం ముంచుకొచ్చినా, మనల్ని పెంచినవాళ్లను నలుగురిలో మనవాళ్లు కాదనకూడదు, వాళ్లు మనల్ని మన్నించినా, ఆ మాట మిగిల్చిన అలసట మాత్రం వాళ్లను వదలదు.