మిట్టమధ్యాహ్నం తలెత్తిన గొర్రె

రాళ్ళగుట్ట కింద బీడులో పధ్నాలుగు గొర్రెలు, వాటి పిల్లలు, ఒక పొట్టేలు కలిసి మేసేవి. ఆ మందలో అందరికీ సమానంగా దక్కింది గడ్డి లేకపోవడం ఒక్కటే. మిగతావన్నీ పద్ధతి ప్రకారం జరిగేవి. బీడంతటికీ ఉన్న ఒకే ఒక్క తుమ్మచెట్టు నీడ పొట్టేలు గండయ్యది. ఎందుకంటే మందకు కాపలా ఆయనే కాయాలి. గడ్డం బండకు ఆనించి, కళ్ళు మూసుకొని, దీర్ఘంగా ఆలోచిస్తూ కాసేవాడు. ఆలోచనకు గురక వస్తుందా అని ఆ మందలో ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ళకు నీడ లేదు కాబట్టి వాళ్ళ ఏర్పాటు వాళ్ళు చేసుకున్నారు. ఎండ నడినెత్తికి రాగానే గుండ్రంగా చేరి, ఒకరి పొట్ట కింద ఒకరు తల దూర్చి నిలబడేవారు. పిల్లలు నడుమ. బయటికి కనిపించేవి వీపులూ తోకలే. దూరం నుంచి చూస్తే ఎవరో నల్ల గొంగడి ఆరేసి మరిచిపోయినట్టుండేది. ఆ వేళప్పుడు తలెత్తకూడదు, కళ్ళు తెరవకూడదు. తెరిస్తే మందంతటికీ ఎండదెబ్బ తగులుతుందని గండయ్య తాత చెప్పాడట. ఆ తాత కూడా తుమ్మచెట్టు నీడలో ఉండే చెప్పాడు.

నిరుడు ఎండాకాలం సరిగ్గా ఆ వేళలోనే గండయ్య కోడలు నీలమ్మ తొలిచూలు పిల్ల మాయమైంది. గద్ద ఎత్తుకుపోయిందన్నారు. కళ్ళారా చూసినవాడు సాంబయ్య. ఈ సాంబయ్య నక్కే గానీ మంచి నక్క. రేగుపళ్ళు తప్ప ఇంకేదీ ముట్టనని ఒట్టు పెట్టుకున్న నక్క. ఆ ఒట్టు సంగతి చెప్పింది కూడా ఆయనే. గండయ్యను బావా అని పిలిచేవాడు. తగవులకు పెద్దమనిషిగా ఉండేవాడు.

గద్దను ఎవరూ ఏమీ అనలేదు. పిల్లను చూసుకోవడం రాని తల్లి అని నీలమ్మను మాత్రం అందరూ అన్నారు. ఈ ఏడు ఆమెకు మళ్ళీ ఒక పిల్ల పుట్టింది. తెల్ల చెవుల ఆడపిల్ల, ఇరవై రోజులది. దీన్ని కూడా పోగొట్టుకుంటే నీలమ్మను మందలోంచి వెళ్ళగొట్టాల్సిందే అని గండయ్య తేల్చి చెప్పాడు. సాంబయ్య తలాడించి, చాలా న్యాయమైన మాట అన్నాడు.

ఆ రోజుల్లోనే గండయ్య కూతురు చుక్కి సముద్రం అవతల చదువు ముగించుకొని ఇంటికొచ్చింది. మూడేళ్ళు పచ్చికొండల దేశంలో మేత చదువు చదివింది. కుడిచెవికి పసుపుపచ్చ బిళ్ళ ఉంది. అదే ఆమె పట్టా. మొదటిరోజు పొరుగు మందల వాళ్ళు కూడా వచ్చి ఆ బిళ్ళను మూతులతో తడిమి చూసి వెళ్ళారు. చిక్కిపోయావన్నారు. అక్కడ ఏం తిన్నావని అడిగారు. ఇంకా ఈనలేదా అని కూడా అడిగారు. అన్ని ప్రశ్నలకూ గండయ్యే జవాబు చెప్పాడు, చదువుకొచ్చింది తనే అన్నట్టు.

రెండోరోజు నుంచి తంటా మొదలైంది.

పచ్చికొండల దేశంలో ఎవరికి వారు పది బారల దూరంలో మేస్తారు. పక్కవాళ్ళు ఏం నములుతున్నారో చూడటం అక్కడ మర్యాద కాదు. ఇక్కడ చుక్కి గరికపోచ నోట పెట్టుకోగానే నాలుగు మూతులు వచ్చి అది ఎక్కడ దొరికిందని ఆరా తీసేవి. పడుకుంటే ఇటు పిన్ని నడుము, అటు మేనత్త మోకాలు. తుమ్మకాయలు తిని ఆమెకు కడుపు నొచ్చింది. కడుపు నొచ్చిందని మందంతా రెండు రోజులు మాట్లాడుకుంది. ఆమె కూడా తక్కువ తినలేదు. నీళ్ళమడుగు మురికి అంది, చొప్పలో సారం లేదంది, మాట్లాడితే మా దగ్గరైతే ఇలా కాదు అంది.

ఒకరోజు నాయనమ్మ కర్రెవ్వ నెమరేస్తూ మెల్లగా అడిగింది. "మా దగ్గర అంటున్నవు, అది ఎక్కడ బిడ్డా?"

చుక్కికి తన మీద తనకే కోపం వచ్చి, దూరంగా వెళ్ళి మేసింది.

అన్నిటికంటే పెద్ద గొడవ మధ్యాహ్నం నిలబడటం దగ్గర వచ్చింది. తలలు దూర్చే వేళకు చుక్కి రానంది. ఆ గుంపులో ఊపిరాడదంది. ఎండలో ఒక్కతే మెడ నిక్కించుకొని నిలబడి, గుట్టకేసీ ఆకాశంకేసీ చూస్తూ ఉండేది. నిజానికి ఆమె చూసేది ఏమీ లేదు, పచ్చికొండలు గుర్తొచ్చేవి అంతే. మేనత్తలకు మాత్రం అది పొగరుగా కనిపించింది. చదువుకున్నాక మన పొట్టలు కూడా పనికిరాకుండా పోయాయా అని ఒకరంటే, పెళ్ళయితే మెడ తానే వంగుతుందని ఇంకొకరు అన్నారు.

అందరికంటే ఎక్కువ బాధపడింది సాంబయ్య. పాపం, నాలుగు మధ్యాహ్నాలు పొద చాటున కూర్చొని, చుక్కి మెడ ఎప్పుడు దిగుతుందా అని చూసి చూసి, చివరికి నిజంగానే రేగుపళ్ళు తిన్నాడు. జన్మలో అంత చప్పటి తిండి తినలేదు. ఇలాగైతే ఒట్టు నిజమైపోయేలా ఉందని భయమేసింది.

అయిదోరోజు పొద్దున్నే చుక్కి ఒంటరిగా మేస్తున్న చోటికి వచ్చాడు. బిళ్ళను మెచ్చుకున్నాడు. పచ్చికొండల సంగతులు ఓపికగా అడిగాడు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇంటికొచ్చాక తన మాట చివరిదాకా విన్నవాడు ఈయనొక్కడే అనిపించి చుక్కి మనసు కరిగింది.

"నీ అంత చదివిన పిల్ల ఈ తోకల నడుమ ఎట్ల బతుకుతది?" అన్నాడు సాంబయ్య. "గుట్ట అవతల చల్లటి బండ ఉంది. పురుగు కూడా రాదు. మధ్యాహ్నం పూట అక్కడ కూసో. ఎవరి కోసమూ తల దించకు బిడ్డా."

చుక్కికి ఆ మాట చాలా నచ్చింది. రేపటి నుంచే వెళ్తానంది.

అక్కడితో ఊరుకుంటే సాంబయ్య గొప్ప నక్క అయ్యేవాడు. కానీ పెద్దమనుషులకు ఒక మాట చెప్పి ఊరుకోవడం చేతకాదు. చదువుకున్న పిల్ల కదా, రేపటికి మనసు మార్చుకుంటే ఎలాగని అనుమానమొచ్చింది. అందుకని సాయంత్రం తుమ్మచెట్టు కిందికి వెళ్ళి గండయ్య చెవిలో ఇంకో మాట వేశాడు. కూతురు మెడ నిక్కించుకొని నిలబడటం గురించి నాలుగు మందలూ చెప్పుకుంటున్నాయన్నాడు. ఇంట్లో ఆడపిల్ల తల దించలేనివాడికి అంతంత కొమ్ములెందుకు అని నవ్వుతున్నారన్నాడు.

గండయ్యకు తన గురించి ఏమన్నా పడేది, కొమ్ముల గురించి అంటే పడేది కాదు. లేచి వచ్చి, రేపు మధ్యాహ్నం చుక్కి అందరితో పాటు తల దూర్చాలని, లేదంటే ఈ మందలో మేత లేదని అందరి ముందూ చెప్పి, అలిసిపోయి మళ్ళీ నీడకు వెళ్ళాడు.

చుక్కి ఒళ్ళు మండిపోయింది. మడుగు దగ్గర నీళ్ళు తాగుతున్న అవ్వ పక్కకు వెళ్ళి నిలబడింది. నీలమ్మ కూడా అక్కడే పిల్లకు పాలిస్తోంది.

"నాయినకు ఇదంతా ఎవరు ఎక్కించిన్రు అవ్వా?"

"ఇంకెవరు, సాంబయ్యనే. నీ మేలు కోరే చెప్పిండు."

చుక్కి నెమరు ఆగిపోయింది.

"పొద్దున నా దగ్గరకొచ్చి తల దించకు, గుట్ట అవతలికి పో అన్నడు. సాయంత్రం నాయిన దగ్గరికి పోయి నా తల దించమన్నడు. రెండిట్ల ఏది జరిగినా, మిట్టమధ్యాహ్నం ఈ బీడు మీద తెరిచిన కన్ను ఒక్కటన్న మిగుల్తదా అవ్వా?"

చుక్కి వదినవైపు తిరిగింది. నిరుడు పిల్ల పోయిన రోజు గద్దను నువ్వు చూశావా అని అడిగింది.

"నేనెట్ల చూస్త? నా తల అవ్వ పొట్ట కింద ఉండె."

"నా తల నీ మేనత్త పొట్ట కింద ఉండె," అంది కర్రెవ్వ. అని, ముసలి కళ్ళు నీలమ్మ పిల్ల తెల్ల చెవుల మీద నిలిపింది. ఏడాదిగా కోడలిపిల్లను తను కూడా ఎన్ని మాటలందో గుర్తొచ్చినట్టుంది.

చుక్కి వెళ్ళి తండ్రికి చెప్పి చూసింది. గండయ్య సగమే విన్నాడు. పరాయి దేశం పోయి పెద్దమనుషుల మీద నిందలేయడం నేర్చుకొచ్చావా అన్నాడు. సాక్ష్యం ఏదన్నాడు. సాక్ష్యం చూడాలంటే ఎవరో ఒకరు కళ్ళు తెరవాలి కదా అనే మాట చుక్కి నోటిదాకా వచ్చింది గానీ, అప్పటికే ఆయన ఆలోచనలో పడిపోయి గురక వినిపిస్తోంది.

పొద్దుగూకే లోపల ఆడవాళ్ళందరి మధ్యా ఒక మాట తిరిగింది. ఏం మాటో గండయ్యకు గానీ సాంబయ్యకు గానీ తెలియలేదు. గొర్రెలు నెమరేస్తున్నాయనుకున్నారు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చింది. చుక్కి అందరూ చూస్తుండగా నడిచి వచ్చి, మెడ వంచి, కర్రెవ్వ పొట్ట కింద తల దూర్చింది. తుమ్మచెట్టు కింద గండయ్య కొమ్ములు రెండంగుళాలు పెరిగినట్టు కనిపించాయి. పొద చాటున సాంబయ్య పెదాలు నాక్కున్నాడు.

చుక్కికి అక్కడ ఊపిరాడదనుకున్న మాట అబద్ధమని మొదటి క్షణంలోనే తెలిసిపోయింది. పొట్ట కింద మడుగులో దిగినంత చల్లగా ఉంది. పాలవాసన, మట్టివాసన, అవ్వ కడుపులో నెమరు గుడగుడ. మూడేళ్ళుగా తను ఇంత హాయిగా నిలబడలేదనిపించింది. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. ఇంకాస్త ఉంటే నిద్రపోయేదే. పక్క నుంచి నీలమ్మ గిట్టతో కాలు తొక్కింది.

చుక్కి కళ్ళు తెరిచింది. తల వంచుకొని ఉంటే ఆకాశం కనిపించదు గానీ, పొట్టల కింద నుంచి చుట్టూ ఉన్న బీడంతా కనిపిస్తుంది. నేలబారున, కాళ్ళ సందుల్లోంచి, గుట్ట మొదలు దాకా. ఎన్నేళ్ళుగానో ఈ మంద చూడగలిగి కూడా చూడని బీడు అది. అందులో గిట్టలున్న కాళ్ళన్నీ తనవాళ్ళవి. గిట్టలు లేని నాలుగు కాళ్ళు మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా దగ్గరికొస్తున్నాయి.

ఆమె కదల్లేదు. ఆ కాళ్ళు మేనత్త కాళ్ళ పక్కగా లోపలికి దూరాయి. ఇంకో రెండడుగులేస్తే నీలమ్మ పిల్ల. నీలమ్మ మాట తప్పలేదు, అలాగే నిలబడింది.

అప్పుడు చుక్కి మూతితో అవ్వ పొట్టలో రెండు పోట్లు పొడిచింది. అవ్వ తన ముందున్న పొట్టలో పొడిచింది. ఆ పోటు పొట్ట నుంచి పొట్టకు గుండ్రంగా తిరిగి ఊపిరి తీసేంతలో మళ్ళీ చుక్కి దగ్గరికి వచ్చేసింది. వెంటనే గొర్రెలన్నీ ఒక్కసారిగా లోపలికి ఒత్తుకున్నాయి. నీలమ్మ పిల్లను తన ముందుకాళ్ళ కిందికి లాక్కుంది.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, కత్తిరించని ఉన్ని, నడుమ ఒక నక్క. సాంబయ్యకు ముందు ఏమీ అర్థం కాలేదు. పక్కకు జరగమ్మా అన్నాడు. ఎవరూ జరగలేదు. ఉక్కపోతకు నాలుక బయటికొచ్చింది. పిల్లకు జ్వరమొచ్చిందేమోనని చూడటానికి వచ్చానన్నాడు.

"నా పెద్దపిల్లను కూడ ఇట్లనే చూసినవా?" అంది నీలమ్మ.

ఆ మాటకు పెద్దమనిషి దగ్గర తీర్పు లేదు. బావా, బావా అని కేక పెట్టాడు. పైకి లేవబోతే కర్రెవ్వ తన బరువంతా అతని వీపు మీద మోపి, తలెత్తకు నాయినా, మందకు ఎండదెబ్బ తగుల్తది అంది. గుంపంతా పొట్టలదిరేలా నవ్వింది. నవ్వినప్పుడల్లా సాంబయ్య ఇంకాస్త నలిగాడు.

కేకకు గండయ్య మేలుకొని పరిగెత్తుకొచ్చాడు. చూస్తే తన బావమరిది తన మనవరాలికి మూరెడు దూరంలో, పళ్ళు బయటపెట్టుకొని ఉన్నాడు. సాక్ష్యం అడిగినవాడికి ఇంతకంటే దగ్గరగా చూపించలేరు ఎవరూ. నేను మెలకువగానే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను అన్నాడు. ఆడవాళ్ళకు చేతినిండా పని ఉంది.

ఉన్న గుంపు ఉన్నట్టుగానే, నడుమ నక్కతో సహా, గుట్ట మొదలు దాకా నడిచారు. అక్కడ ఒకవైపు విడిపోయి, మిగతా మూడువైపుల నుంచీ ఒక్క తోపు తోశారు. సాంబయ్య ముళ్ళకంపలో తలకిందులుగా పడ్డాడు. ఒంటి మీది వెంట్రుకల్లో సగం కంపకు ఇచ్చి, మిగతా సగంతో పారిపోయాడు. ఆ తర్వాత ఏ మందలోనూ ఆయనను బావా అని ఎవరూ పిలవలేదు.

నీలమ్మను ఏడాదిపాటు అన్న మాటలకు ఎవరూ తప్పు ఒప్పుకోలేదు, మందల్లో అలాంటి అలవాటు లేదు. కాకపోతే ఆ సాయంత్రం మడుగు దగ్గర అందరికంటే ముందు నీళ్ళు తాగమని కర్రెవ్వ ఆమెకు దారి ఇచ్చింది. చుక్కి ఇప్పటికీ పొద్దున పూట పది బారల దూరంలోనే మేస్తుంది, మధ్యాహ్నానికి మాత్రం అవ్వ పొట్ట కిందికి చేరుతుంది. రోజుకొక గొర్రె చొప్పున వంతు పెట్టుకొని లోపల కళ్ళు తెరిచి నిలబడుతున్నారు. నిన్న గండయ్య వంతు వచ్చింది. కొమ్ములు అడ్డమొచ్చి తల దూరకపోతే కూతురే కాస్త కాళ్ళు ఎడంగా పెట్టి చోటిచ్చింది, నిద్రపోతే తొక్కుతానని ముందే చెప్పి.

నీతి: తల దాచుకోవడంలో తప్పు లేదు, నీడలో ఉన్నవాడు చెప్పాడని కళ్ళు కూడా మూసుకోవడమే తప్పు.