జంటహంస నాణెం

అనగనగా ఏటి ఒడ్డున రాయంచపురమని ఒక పట్టణం. దాన్ని ఏలే రాజు విజయభూపతి. ఆయన వెండి నాణేల మీద హంస బొమ్మ ఉండేది. ఆ హంసను ఇనుప అచ్చులో చెక్కేవాడు సిద్ధాచారి. ఆ అచ్చును దిమ్మెలో బిగించి, వెండిబిళ్ళ పెట్టి, సమ్మెటతో కొట్టించేవాడు టంకశాల అధికారి ఓబుళనాయకుడు.

అచ్చు కదలకుండా పట్టి ఉంచే ఇనుప చీలలు అరిగిపోయాయి. కొత్త చీలలకని ఖజానా ఇచ్చిన సొమ్మును నాయకుడు గుటుక్కున మింగేశాడు.

"నాయకా, అచ్చు ఊగుతోంది. చీలలు మార్పించండి" అన్నాడు సిద్ధాచారి. నాయకుడు విననట్టు ఊరుకున్నాడు. ఆచారి మళ్ళీ చెప్పాడు. నాయకుడు నవ్వాడు. మూడోసారి చెబితే, "చెక్కడం నీ పని, కొట్టించడం నా పని. నోరు మూసుకుని చెక్కు!" అని గసిరాడు.

ఊగే అచ్చు మీద సమ్మెట పడితే ఏమవుతుంది? హంస మెడ పక్కన ఇంకో మెడ పడింది, ముక్కు పక్కన ఇంకో ముక్కు పడింది. చెడిపోయిన నాణేలన్నమాట! కరిగించి మళ్ళీ కొట్టాల్సినవి. కాని నాయకుడు ఏం చేశాడో వినండి. "ఇది జంటహంస నాణెం! సిద్ధాచారి ప్రత్యేకంగా చెక్కిన అచ్చు! ఇంట్లో ఉంటే పాడీ పంటా రెండింతలు!" అని ఊరంతా చాటించి, ఒక్కొక్కటి పాడిగేదె ఖరీదుకు అమ్ముకున్నాడు. జనం ఎగబడి కొన్నారు. ఛీ, ఏం మనిషండీ!

అదే ఊళ్ళో గవరమ్మ నాణేలు మార్చే సరాఫు కొట్టు నడిపేది. నాణెం మంచిచెడ్డలు ఆమె వేళ్ళకు తెలుసు. అబద్ధం వింటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఒకనాడు పక్కింటి నరసమ్మ జంటహంస నాణెం తెచ్చి, మురిసిపోతూ ఆమె చేతిలో పెట్టింది. గవరమ్మ దాన్ని గోటితో తడిమి చూసింది.

"ఓసి పిచ్చిమొహమా! ఇది చెక్కిన హంస కాదే, అదిరిన హంస! పాలిచ్చే గేదెను అమ్మి చెడిపోయిన బిళ్ళను కొన్నావా!"

నరసమ్మ లబోదిబోమంది. ఇంతలో సంగతి రాజు చెవిన పడనే పడింది. నాణెం మీది రాజముద్రను మార్చినవాడికి కుడిచెయ్యి నరకడం ఆ రాజ్యంలో శిక్ష.

"నా హంసను రెండు చేసిందెవరు?" అని రాజు ఉరిమాడు.

చీలల మాట చెబితే తిన్న సొమ్మంతా కక్కాలి. అందుకని నాయకుడు చేతులు కట్టుకుని, "ఆచారే ప్రభూ! రెండు హంసల అచ్చు చెక్కాడు. తమరి ఆజ్ఞేనని నమ్మించి నా చేత అమ్మించాడు. మోసం తెలిశాక కోపం పట్టలేక ఆ అచ్చును కరిగించేశాను" అన్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నా పోనీ అనుకోవచ్చు. వీడు తన జేబు కోసం ఒక మనిషి చేతినే అమ్మేశాడు!

ఆచారి చెయ్యి నరుకుతారని దండోరా వేశారు. గవరమ్మ కొట్టు మూసి బయలుదేరింది. "ఊరకున్నంత ఉత్తమం లేదు, నీకెందుకమ్మా?" అన్నారు బజారువాళ్ళు.

"ఊరుకుందాం! ఆచారి చెయ్యి తెగి కింద పడ్డాక అందరం కలిసి హాయిగా ఊరుకుందాం!" అని విసవిసా కోటకు నడిచింది.

సభలో సిద్ధాచారి చేతులకు తాళ్ళున్నాయి. "నేను ఒక్క హంసనే చెక్కాను, అచ్చు ఊగింది" అని అతను మొత్తుకుంటున్నా, తప్పించుకునే మాటలని ఎవరూ నమ్మలేదు.

గవరమ్మ కొన్నవాళ్ళను అడిగి తెచ్చిన మూడు జంటహంస నాణేలు రాజు ముందుంచింది. "మహారాజా, దీనిలో రెండో మెడ ఎడమకుంది. దీనిలో కుడికుంది. దీనిలో కిందికి జారింది. అచ్చులో చెక్కింది కొట్టినప్పుడల్లా ఒక్కచోటే పడాలి కదా?"

"ఒక్కోదానికి ఒక్కో అచ్చు చెక్కి ఉంటాడు!" అన్నాడు నాయకుడు.

గవరమ్మ కొంగుముడి విప్పి పాత నాణేలు కొన్ని తీసింది. "ఇవి మీ తాతగారినాటివి. ఆచారి తండ్రి అచ్చులో ముక్కును సరిదిద్దబోయి రెండుసార్లు చెక్కాడు. ఇదీ నిజమైన జంటముక్కు! అన్నింటిలో అదే చోట ఉంది, అదే వంపు. రెండో ముక్కు కూడా గుండ్రంగా ఉబ్బింది. ఇప్పటివాటిలో రెండో గీత మెట్టులా చదునుగా ఉంది. ఊగిన అచ్చు హంస ఒంటినే అణిస్తే పుట్టిన గీత అది. తడిమి చూడండి."

రాజు తడిమి చూశాడు గాని నమ్మలేదు. "అమ్మా, నా కళ్ళకు రెండు కనిపిస్తున్నాయి. రెండు కనిపిస్తే రెండు చెక్కినట్టే" అని శిక్షపత్రం తెమ్మన్నాడు. దాని మీద వేడి లక్క పోశారు. రాజు పద్మం చెక్కిన తన వేలి ఉంగరాన్ని లక్క మీద మోపాడో లేదో, గవరమ్మ చటుక్కున ముందుకొచ్చి ఆయన మోచేతిని కుదిపింది.

సభ మొత్తం అదిరిపోయింది. భటులు కత్తులు దూశారు.

"ముద్ర చూడండి మహారాజా!" అంది గవరమ్మ.

లక్క మీద పద్మం పక్కన ఇంకో పద్మం ఉంది.

"మీ ఉంగరంలో రెండు పద్మాలున్నాయా? లేవే! మరి ఉంగరం చెక్కినవాడి చెయ్యి నరుకుతారా? కుదిపింది నేను. నరికితే నా చెయ్యి నరకండి. టంకశాలలో కుదిపిందెవరో కూడా అడగండి!"

రాజు వంగి ఆ లక్కను చూశాడు. తరవాత నాయకుడి వంక చూశాడు. నాయకుడు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. చీలల సంగతంతా కక్కేశాడు.

రాజు పత్రాన్ని చింపి, తానే లేచి వెళ్ళి ఆచారి కట్లు విప్పాడు. నాయకుడి ఇల్లు అమ్మించి, నరసమ్మతో సహా నాణెం కొన్నవాళ్ళందరికీ సొమ్ము తిరిగి ఇప్పించాడు. ఆ చెడ్డ నాణేలన్నీ కరిగేదాకా కొలిమితిత్తి ఊదే పని నాయకుడికే అప్పగించాడు.

"నా తొందరపాటు మన్నించు ఆచారీ. ఏం కావాలో కోరుకో" అన్నాడు.

సిద్ధాచారి తన కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకుంటూ అన్నాడు: "కొత్త చీలలు ఇప్పించండి ప్రభూ. అడగడం ఇది నాలుగోసారి."

కనుక పిల్లలూ, తప్పు కళ్ళకు కనిపించగానే చాలదు, అది ఎవరి చేతిలో పుట్టిందో తేల్చాకే శిక్ష మాట ఎత్తాలి.