సిద్ధవ్వ వంతు ఇంకా ఐపోలే

అనగా అనగా, మా నల్లగుట్ట మీద మనుషుల అడుగుల కంటె నెమళ్ల అడుగులే ఎక్కువున్న దినాలల్ల, ఒక ఊరు. ఊరంటే ఇదే, మనదే. గీ కత మా ఇంటామె రాజవ్వ జెప్తుండె. ఇప్పుడామె లేదు. అందుకే నేను చెప్తున్న. ఇనుండ్రి బిడ్డా.

గుట్ట కడుపుల ఒక ఊట. ఊట కాడికెళ్లి ఒక కాల్వ. కాల్వ కింద మడులు. మీది మడులోళ్లు, కింది మడులోళ్లు, ఎవలి వంతు వాళ్లకు. వంతు ప్రకారం నీళ్లు తెరిచేది నీరటి సిద్ధవ్వ. తెల్లారంగనే పార భుజాన ఏసుకొని పోతుండె. మొగడు లేడు, పిల్లలు లేరు, మడి లేదు. కోతలప్పుడు కల్లం కాడ ఎవలన్న ఇన్ని వడ్లు వోస్తే అవే.

మా ఊర్ల ఒక కట్టుబాటు. నీరటి తెరుస్తది, ఇంటోళ్లు మూస్తరు. తమ వంతు ఐనంక ఆ ఇంటోళ్లే గుప్పెడు మట్టి వెట్టి మూయాలె. ఇంకోళ్లు చెయ్యి వెట్టొద్దు. మనిషి సచ్చిపోతే గూడ ఒక వంతుంటది, మడి ఉన్నా లేకున్నా. దాన్ని సావు నీళ్లంటరు. కాల్వను ఆ ఇంటి ముంగటికి మలుపుతరు. పీనుగకు తానం వోసి, కాటికి సాగదోలి వచ్చినంక కొడుకో బిడ్డో మట్టి వెట్టి మూస్తరు. అది మూసేదాక గుట్ట మీద గడ్డపార లేవొద్దు.

గట్లుండంగ రాళ్ల దొర ఒకడొచ్చిండు. గుట్టను పలగ్గొట్టి రాయి తీస్కపోతడట. మీది మడులోళ్ల కాడికి వోయి, "మీకు రాతి ఇండ్లు కట్టిస్త" అన్నడు. వాళ్లు సరే అన్నరు. కింది మడులోళ్ల కాడికి వోయి, "మీకు బండల కల్లం ఏపిస్త" అన్నడు. వాళ్లూ సరే అన్నరు. మూడోది సిద్ధవ్వ. ఆమెను ఎవలు అడగలే. ఆమెనే తొవ్వకు అడ్డం వచ్చింది.

"దొరా, గుట్ట పలిగితే ఊట ఎటు వోతది?"

"యాడికి వోదవ్వా. ఉన్నకాన్నే ఉంటది."

"గుట్ట లోపట నువ్వు సూసొచ్చినవా?"

"లేదు."

"నేనూ సూడలే. ఇద్దరం సూడందాన్ని పలగ్గొట్టుడెందుకు?"

మీది మడుల పెద్ద కొండల్ పటేలు నవ్విండు. "నీకెందుకే ముసలిదానా. నీకు మడి లేదు, వంతు లేదు. పోయి నీ పార కడుక్కో."

"నాకూ ఒక వంతున్నది పటేలా," అన్నది సిద్ధవ్వ. "అందరి కంటె ఆఖరుకు తీసుకుంట."

కోతలైనంక గుట్ట పలగ్గొట్టాలె అనుకున్నరు. కోతలు గాకముందే సిద్ధవ్వకు జరం వట్టింది. కింది మడుల లచ్చవ్వ గటుక తాపిచ్చుకుంట, "ఏం గావాలె అక్కా?" అన్నది.

"నా వంతు తెరువుండ్రి. మంచిగ, ఎడల్పుగ తెరువుండ్రి."

గంతే. పానం వోయింది.

తెరిచిండ్రు. ఆమె గుడిసె ముంగటికి నీళ్లొచ్చినయి. తానం వోసిండ్రు, సాగదోలిండ్రు, మళ్లొచ్చిండ్రు. నీళ్లు పారుతనే ఉన్నయి. మరి మూసేదెవలు? ఆమెకు కొడుకు లేడు, బిడ్డ లేదు. కొండల్ పటేలు గుప్పెడు మట్టి తీసి వంగిండు.

"మూయి పటేలా," అన్నది లచ్చవ్వ. "మూసినోడే కొడుకు. రేపటి సంది ఆమె పార నువ్వే వట్టు. మా మడులకు నీళ్లు వెట్టు."

పటేలు వంగినోడు వంగినట్టే ఉన్నడు. మట్టి వేళ్ల సందుల కెళ్లి కారిపోయింది.

"బతికినన్ని దినాలు మనకు నీళ్లు వెట్టింది," అన్నడు. "ఆమెకు వంతు లేదంటి. ఉన్న ఒక్కటి నేను మూస్తనా?"

మూయలే. ఎవలు మూయలే.

కోతలైనంక దొర వచ్చిండు. "మూసిండ్రా?"

"లేదు దొరా. సిద్ధవ్వ వంతు ఇంకా ఐపోలే."

ఎండకాలంల మళ్లొచ్చిండు. "మూసిండ్రా?"

"లేదు దొరా. సిద్ధవ్వ వంతు ఇంకా ఐపోలే."

మూడోసారి సుత్తెలోళ్లను ఎంటేసుకొని వచ్చిండు. "సచ్చినదానికి నీళ్లేంది? కొట్టుండ్రి" అన్నడు. సుత్తెలోళ్ల పెద్దమనిషి కాల్వను సూసిండు, గుడిసెను సూసిండు, సుత్తె కింద వెట్టిండు.

"సావు నీళ్లు పారంగ మేం సుత్తె లేపం దొరా. మా ఇండ్లల్ల గూడ సచ్చినోళ్లున్నరు."

కాళ్లు కడుక్కొని పోయిండ్రు. దొర ఒక్కడే ఏం పలగ్గొడ్తడు? ఆయనా పోయిండు. ఎన్నడు మళ్ల రాలే.

గుడిసె లేదిప్పుడు. ఆ జాగల నీళ్లు మాత్రం పారుతనే ఉన్నయి. కాల్వ నీళ్లన్నీ ఆమెవే, వంతు లేదన్న మనిషివే. అందుకే మా ఊర్ల ఎంత పెద్ద పటేలైనా మడికి నీళ్లు మలిపే ముందు నెత్తి రుమాలు తీసి, "సిద్ధవ్వా, నీ నీళ్లల్ల ఇన్ని మాకియ్యవ్వా" అంటడు. అనకుంట పార వెట్టడు. గుట్ట సూడనీకి బయటోళ్లు ఎవలొచ్చినా మావోళ్లు ఒక్కటే మాట అడుగుతరు. "సిద్ధవ్వను అడిగినవా?"

మొన్న మా రాజవ్వ పోయిన్నాడు నేనూ పోయిన, బిందె వట్టుకొని. కాల్వల నిలవడ్డ. "సిద్ధవ్వా, నీ కత జెప్పేటామె వస్తున్నది. తానానికి ఇన్ని నీళ్లియ్యవ్వా" అన్న.

ఇచ్చింది బిడ్డా. సల్లగ ఇచ్చింది.