గడప బయటి కిరీటం

ఇలా దగ్గరికి జరగండి తల్లీ, చేతిలో పని ఉంటే పక్కన పెట్టి వినండి. ధర్మం మాట సగం చెవితో వినరాదు.

పూర్వం వేత్రవతీ తీరాన సుమేధాపురంలో ప్రజలంతా ఏకమై, క్రూరుడైన కరాళరాజును తరిమివేసి, అతని చెరలో ఏడేళ్లు మగ్గిన ధృతవర్మను సింహాసనమెక్కించారు. ఆనాడు చెరలో అతనికి మరణశిక్ష పడకుండా, కరాళుని కత్తికి వెరవక అడ్డుపడినవాడు ధర్మసభాధిపతి, తపోధనుడు మౌంజాయన మహర్షి. అందుకే పట్టాభిషేకం నాడు ధృతవర్మ అగ్నిసాక్షిగా, "ధర్మసభ తీర్పుకు నేనూ లోబడతాను" అని ప్రమాణం చేశాడు.

ఆ సభకొక ఆచారం ఉంది. న్యాయం అడగవచ్చినవాడు ఎంతటివాడైనా తలపాగా గడప బయట పెట్టి, లోపల వట్టినేల మీద కూర్చోవాలి.

ఏడాది తిరగలేదు. పాత రాజు మనుషులు మళ్లీ తలెత్తుతారేమోనన్న భయం ధృతవర్మ గుండెలో పుట్టి, పెరిగి, అహంకారమై కూర్చుంది. మళ్లీ అగ్నిని రగిల్చి, "నేటినుంచి నా ఆజ్ఞను ఎవ్వరూ విచారించరాదు; ధిక్కరిస్తే మరణమే; ఇచ్చిన ఆజ్ఞను నేనైనా వెనక్కి తీసుకోను" అని శపథం పట్టాడు. మహర్షి సభాదీపం కొండెక్కించి లోపలినుంచి తలుపులు మూశాడు.

అంగట్లో పూలమ్మే శబల మాత్రం ఊరుకోలేదు. చెరలో అతనికి రోజూ గంజి పోసి బతికించిన ముసలమ్మ ఆమె. "నిన్న కాలికి సంకెల, నేడు నెత్తిన కిరీటం! ఇనుము పోయి బంగారం వచ్చిందే గాని, బిడ్డకు కట్టు విడలేదర్రా!" అంది. భటులు పట్టుకుపోయారు. సూర్యాస్తమయానికి శిరశ్ఛేదం.

ఆమెకు శిక్ష పడిందని చెవినబడగానే, తన శపథమే తన చేతులు కట్టేయగా, ధృతవర్మ పరుగున వచ్చి సభ తలుపు తట్టాడు.

"ఎవరది?"

"రాజును, స్వామీ."

"నీ ఆజ్ఞను విచారించరాదంటివి. ఇక రాజుకు ఇక్కడ పనేముంది నాయనా?"

ధృతవర్మ తలుపుకు నుదురు ఆనించాడు. "శబల గంజి తాగి బతికినవాణ్ణి, స్వామీ" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. కిరీటాన్ని గడప బయట దించి, ధృతవర్మ నేలమీద కూలబడ్డాడు. మహర్షి దీపం వెలిగించగానే, ఆ జ్వాలలోంచి సర్వభక్షకుడు, సర్వసాక్షి అయిన అగ్నిదేవుడు ప్రత్యక్షమై, "రెండు మాటలూ నా ఎదుటే పలికాడు" అని సాక్ష్యమిచ్చాడు.

"మొదటి మాటతో కట్టుబడినవాడికి, దాన్ని తెంచే రెండో మాట పలికే అధికారం లేదు. ఆ శపథం చెల్లదు; దాని కడుపున పుట్టిన ఆజ్ఞా చెల్లదు" అని మహర్షి తీర్పు చెప్పాడు.

విడుదలై వచ్చిన శబల అతని వట్టినెత్తి చూసి, "ఏరా, కిరీటమేది?" అంది.

"గడప బయట ఉందమ్మా."

"ఇప్పుడు నా బిడ్డలా ఉన్నావు."

అగ్నిదేవుడు వరం కోరుకోమనగా, ధృతవర్మ ఆయువడగలేదు, విజయమడగలేదు. "దేవా! నా వంశంలో ఏ కిరీటమైనా ఈ గడప దాటితే, మోసినవాడి నెత్తి కాలేటంత వేడెక్కుగాక" అన్నాడు. "తథాస్తు" అని దేవుడు అంతర్ధానమయ్యాడు. ఆనాటినుంచి ఆ దీపం కొండెక్కలేదు.

విన్నారు కదా తల్లీ, మనసులో దాచుకోండి; కొత్తగా కిరీటం పెట్టుకున్నవాడు ఎదురైతే, భయపడకుండా ఈ కథ చెప్పండి.