మెట్ల అర్జీ

రాజుగారు బీదాబిక్కీ కోసం ఒక మేడ కట్టించాడు. నలభై వాటాలు, నలభై పొయ్యిలు, ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్లదారి. మేడ రాజుది కనక గోడకి మేకు కొట్టాలన్నా కచేరీలో అడగాలి. నలభై గొంతులు వినే ఓపిక కచేరీకి లేదు. "మీలో ఒకరిని పంపండి, ఆ ఒక్కరి మాటే వింటాం" అన్నారు.

ఎవరూ ముందుకి రాలేదు. చివరికి అన్నిటికంటే పైనున్న ఒంటి గదిలో బట్టలు కుట్టుకుని బతికే ఆమె వచ్చింది. జీతం లేదు, బత్తెం లేదు. "పోనీలే, నలుగురికీ పనికొస్తాను" అనుకుంది. పిచ్చిది!

మొదట్లో బాగానే జరిగింది. ఆమె అడిగితే చెత్తకుండీ వచ్చింది, వసారాలో దీపం వచ్చింది. దాంతో జనం రుచి మరిగారు. అంతకుముందు కుళాయి కారితే కింది వాటా పచ్చళ్ళావిడ తనే గుడ్డపీలిక చుట్టి బిగించేది. ఇప్పుడు దాని కింద గిన్నె పెట్టి, మెట్లన్నీ ఎక్కొచ్చి, "అక్కా, కుళాయి కారుతోంది, కచేరీలో చెప్పు" అనేది. పక్కవాటాలో రోటి చప్పుడు ఎక్కువైతే ఆ పక్కవాటా వాళ్ళకి చెప్పడం మానేసి, అదీ ఈమెకే చెప్పేవారు.

"మా నోరు నువ్వేనమ్మా" అనేవాడు నడిమి అంతస్తు ముసలాయన. ఆమె పొంగిపోయేది. అబద్ధమెందుకు, నిజంగానే పొంగిపోయేది.

అలా ఉండగా మెట్లు బీటవారాయి. మొదట వెంట్రుకంత, ఆపైన వేలు దూరేంత. ఆమె కచేరీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. గుమాస్తా మొదటిసారి "చూస్తాం" అన్నాడు. రెండోసారి "చూస్తున్నాం" అన్నాడు. మూడోసారి "చూశాం" అన్నాడు. ఎవరొచ్చి చూశారో ఆ మెట్లకే తెలియాలి.

ఇంటికొస్తే వీళ్ళ దెప్పులు. "ఇంకేం చేయిస్తుందిలే, వాళ్ళతో కలిసిపోయింది" అని పచ్చళ్ళావిడ వినపడేట్టే అంది. ఆ మాటకి ఆమె రెండు రోజులు అన్నం సయించక పడుకుంది. మూడోనాడు లేచి మళ్ళీ కచేరీకే వెళ్ళింది. ఈ మెట్లు కూలితే పోయేది వీళ్ళే కదా అన్న భయం ఆమెని పడుకోనివ్వలేదు.

చివరికి గుమాస్తా మెత్తబడ్డాడు. "నలభై వాటాల వేలిముద్రలూ ఒకే అర్జీ మీద వేయించు. రేపు పొద్దుగూకేలోగా నేనే వచ్చి తీసుకుంటా. ఎల్లుండి తాపీవాళ్ళు వస్తారు."

మర్నాడు తెల్లవారగానే ఆమె అర్జీ, సిరాలో తడిపిన గుడ్డ పట్టుకుని గడప దాటబోయింది. ముసలాయన ఎదురొచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"వాటా వాటాకీ వెళ్ళి ముద్రలు వేయించుకొస్తా, బాబాయ్."

"చాల్లే ఊరుకో! నీకు పెద్దరికమిచ్చింది గడపగడపా ఎక్కి దిగడానికా? పెద్దమనిషి గడపకి నలుగురూ రావాలి గానీ. అది మన మర్యాద. నువ్వు కూచో, నేను పిలుస్తా."

నిన్నటిదాకా దెప్పులు తిన్న ప్రాణానికి ఆ మాట ఎంత హాయిగా ఉందని! ఆమె వెనక్కి తిరిగి, గడపలో పీట వేసుకుని కూచుంది.

ముసలాయన కేక వేశాడు. వాటాకొకరు చొప్పున అందరూ ఒక్కసారే కదిలారు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు కొందరు. ఆమె గడప నుంచి కింది వసారా దాకా, మెట్ల నిండా నిలబడ్డారు. ముద్ర వేసినవాళ్ళు కూడా, ఎవరింకా వెయ్యలేదో చూద్దామని మెట్లమీదే ఆగిపోయారు. "నోరు జారానక్కా, ఏమనుకోకు" అంటూ పచ్చళ్ళావిడ బొటనవేలు ఒత్తింది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఇంతమంది తన గడపకి ఎన్నడూ రాలేదు.

అప్పుడు గోడ నుంచి సున్నం రాలడం చూసింది.

"దిగండి! అందరూ దిగిపోండి!" అని అరిచింది.

"ముద్ర వేసే దిగుతాం లేమ్మా" అన్నారు వెనకవాళ్ళు.

మెట్లు మొత్తం కూలిపోయాయి.

దుమ్ము అణిగాక చూస్తే గడప ముందు ఏమీ లేదు. చాలా కింద, రాళ్ళ మధ్య, మూలుగులు. ముసలాయన కదలడం లేదు.

"నిచ్చెన వెయ్యండి! నేను దిగాలి, బాబాయిని చూడాలి!"

పైదాకా అందే నిచ్చెన పక్కసందులో గోడకి ఆనించే ఉంది. లేచినవాళ్ళు లేచారు, ఒక్కరూ అటు వెళ్ళలేదు. పచ్చళ్ళావిడ విరిగిన కాలు పట్టుకుని ఏడుస్తూ, "కచేరీలో చెప్పక్కా, వాళ్ళే వేయిస్తారు" అంది.

పొద్దుగూకుతుండగా గుమాస్తా వచ్చాడు, అన్నమాట ప్రకారమే. రాళ్ళకుప్పని చూశాడు, పైకి చూశాడు.

"అర్జీ మెట్ల మరమ్మతుకి కదమ్మా? మరి మరమ్మతుకి మెట్లేవి?"

"అయ్యా, ముందు నన్ను దింపించండి."

గుమాస్తా చెడ్డవాడేం కాదు. నొచ్చుకున్నాడు కూడా. "ప్రతినిధి తన సొంత పని అడక్కూడదమ్మా. నీ తరఫున ఇంకెవరైనా అడగాలి" అన్నాడు. జనం వైపు తిరిగి, "ఎవరైనా సరే. ఒక్క మాట చాలు" అని చాలాసేపు ఆగాడు.

అందరూ తలలెత్తి, ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నారు.