ఎర్రగీత లేచిన సంత

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నేల కింద చమురు ఉండేది. నవ్వకండి, ఉండేది. చమురున్న నేలంతా ఎలుగుబంట్లది. కానీ ఎలుగుబంట్లకి తవ్వడం చేతకాదు. తవ్వేవి ముళ్ళపందులు. ఎలుగులు కబురు పెడితే వెళ్ళి బావి తవ్విపెట్టి, కూలి పుచ్చుకుని వచ్చేవి. కబురు రాకపోతే వాటికి కూలీ లేదు, కూడూ లేదు.

ఈ ముళ్ళపందులు ఒక సంఘం పెట్టుకుని అందులో వాటాలు అమ్మాయి. ఒక వాటాకి ఒక మోదుగాకు. సంఘానికి లాభం వస్తే ఆకులున్న వాళ్ళందరికీ పంచాలి. వాటా ధర వారం వారం సంతలో తేలేది. ధరంటే సారపప్పు దోసిళ్ళు.

సంతలో ఒక పెద్ద బండ ఉంది. దాని మీద పాకుతూ ధరలు రాసేవాడు భద్రయ్య అనే ఉడుము. భద్రయ్యకి ఒక పద్ధతి ఉంది. ఈ సంత ధరని సున్నంతో బండ మీద గుర్తు పెడతాడు. పోయినేడు ఇదే సంతకి పెట్టిన గుర్తు తుడిచేస్తాడు. అంటే బండ మీద ఎప్పుడు చూసినా ఒక్క ఏడాది ధరలే ఉంటాయి. వాటన్నిటికీ సగటు కట్టి, జేగురుతో ఎర్రగీత గీస్తాడు. సున్నం గుర్తులు పైకీ కిందకీ గెంతుతాయి. ఎర్రగీత మాత్రం మెల్లగా దిగుతుంది, మెల్లగా లేస్తుంది.

ఇక మన మంగతాయి. మంగతాయి ఒక ఉడత. పేటలో ఉడతలన్నీ వేసవంతా సారపప్పు గింజలేరి తెచ్చి మంగతాయి తొర్రలో పోశాయి. వానాకాలం తిండి అదే. ఆ తొర్ర ఖాళీ అయితే పిల్లలు పస్తులుండాలి. ఆ సంగతి మంగతాయికి తెలుసు. తెలిసి కూడా చేసింది. అందుకే ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కోటిలింగం అని ఒక నక్క ఉన్నాడు. వాడి దగ్గర మోదుగాకులు కట్టలు కట్టలు పడున్నాయి. ఎవరికో ఒకరికి అంటగట్టాలని సంతలో కాచుకుని కూర్చునేవాడు.

ఒక సంతలో ధర ఎగిరింది. నక్క పరిగెత్తుకొచ్చాడు.

"మంగతాయమ్మా, ఆ గింజలు ఊరికే మగ్గుతున్నాయి. వాటాలు కొను. వానలొచ్చేసరికి రెట్టింపు తింటారు."

మంగతాయి బండ వైపు చూసింది. ఎర్రగీత దిగుతోంది.

"గీత దిగుతోందయ్యా. నేను కొనను" అంది.

పై సంతకి ధర పడిపోయింది. మంగతాయి బతికిపోయింది.

ఇంకో సంతలో ధర మళ్ళీ ఎగిరింది. నక్క మళ్ళీ వచ్చాడు. గీత ఇంకా దిగుతూనే ఉంది. మంగతాయి మళ్ళీ కాదంది. ధర మళ్ళీ పడింది. పేటంతా మంగతాయిని మెచ్చుకున్నారు. ఇక చూడండి, ఆవిడకి కళ్ళు నెత్తికెక్కాయి. వారం వారం ధర చూసేవాళ్ళు పిచ్చివాళ్ళని, ఎర్రగీత చూసేవాళ్ళే తెలివైన వాళ్ళని కొమ్మ కొమ్మకీ వెళ్ళి చెప్పుకొచ్చింది.

మూడోసారి సంతకి వెళ్ళేసరికి ఎర్రగీత లేచింది.

ధర ఎగరలేదు. పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే. సున్నం గుర్తు ఉన్నచోటే ఉంది. కానీ మంగతాయి సున్నం వైపు చూడనే లేదు. ఆవిడ తెలివైనది కదా మరి.

ఈసారి నక్క నోరు కూడా విప్పలేదు. ఆకుల కట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నాడంతే. మంగతాయే వెళ్ళి బేరమాడింది.

భద్రయ్య బండ దిగి వచ్చాడు. "మంగతాయమ్మా, గీత ఎందుకు లేచిందో అడిగి కొను" అన్నాడు.

మంగతాయికి చిర్రెత్తుకొచ్చింది. "రెండుసార్లు నీ గీత నమ్మే బాగుపడ్డాను. ఇప్పుడు లేస్తే నువ్వే అడ్డం పడతావా? నీ పని గియ్యడం. గీసుకో."

"నేను చెప్పేది..."

"చెప్పకు" అంది.

భద్రయ్యకీ కోపం వచ్చింది. మూతి ముడుచుకుని బండెక్కిపోయాడు. తొర్రలో గింజలన్నీ నక్క ఇంటికి చేరాయి. మంగతాయి మోదుగాకులు మోసుకుని ఇంటికొచ్చింది.

వానలు మొదలైన వారం ముళ్ళపందులు సంతకొచ్చి సంఘం మూసేశామని చెప్పాయి. ఎలుగులు కొత్త బావులకి కబురే పెట్టడం లేదట. పని లేదు, పంచడానికి లాభం లేదు. ఆకులు ఉట్టి ఆకులయ్యాయి.

మంగతాయి ఉగ్రంగా బండ మీదకి ఎగబాకి, ఎర్రగీతని గోళ్ళతో గీకెయ్యబోయింది. "నీ గీత అబద్ధమాడింది. పేటలో పిల్లల నోట్లో మట్టి కొట్టావు" అని భద్రయ్య మీద విరుచుకుపడింది.

భద్రయ్య ఆవిడ చెయ్యి పట్టి ఆపాడు. "అబద్ధం ఆడలేదు. పోయినేడు ఆ సంతకి అకాల వరదలొచ్చాయి, జ్ఞాపకం ఉందా? బావులన్నీ మునిగిపోయి ధర నేలకి దిగింది. ఏడాది తిరిగాక ఆ పాడు గుర్తు నేను తుడిచేశాను. అడుగున ఉన్న గుర్తు పోతే సగటు లేవదా? కొత్తగా మంచి వచ్చి లేవలేదమ్మా, పాత చెడు చెరిగిపోయి లేచింది. ఆ మాటే చెప్పబోతే నోరు మూయించావు."

"మరి నక్కకి తెలుసా?"

"తెలియకపోతే అన్ని ఆకులూ ఎందుకు అమ్ముకుంటాడు?"

మంగతాయి నక్క ఇంటికి పరిగెత్తింది. వాడు తలుపు తీయలేదు. కొన్నది నువ్వు, నేను కొనమన్నానా అని లోపల్నించే అన్నాడు. నిజమే, ఆ సంతలో వాడు ఒక్క మాటా అనలేదు.

మంగతాయి తడుస్తూ పేటకొచ్చింది. పేటలో పెద్దది ముసలి ఉడత, అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. ఖాళీ తొర్ర ముందు పెద్దమ్మ కూర్చునుంది.

"కొనే ముందు బావులు చూసొచ్చావా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా. గీత చూశాను."

"నాతో రా."

పెద్దమ్మ వానలోనే చెట్టెక్కింది. మంగతాయి వెనకే ఎక్కింది. చిటారు కొమ్మ మీద నిలబడితే ఎలుగుల గుట్ట మొత్తం కనిపించింది. బావుల నోళ్ళ మీద గడ్డి నడుమెత్తు మొలిచింది. తవ్వే చోట ఒక్క ముళ్ళపంది లేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అంది మంగతాయి.

"ఎండాకాలం నుంచి. పిల్లలు రోజూ ఇక్కడికెక్కే ఆడుకుంటారు. వాళ్ళని అడిగినా చెప్పేవాళ్ళు" అంది పెద్దమ్మ. "నువ్వు సంతకి అంత దూరం నడిచావు గానీ, సొంత చెట్టు ఎక్కలేదు. నాకు ఎంత కోపంగా ఉందో నీకు తెలియదు. దిగి వాళ్ళకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

మంగతాయి దిగింది. పిల్లల్ని కూర్చోబెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. వాళ్ళు తిట్టలేదు. గీత సంగతి వాళ్ళకి అర్థం కూడా కాలేదు. అంతా విని, మరి ఇవాళ ఏం తిందాం అత్తా అని అడిగారు.

నీతి: సగటు గీత గడిచిపోయిన కాలం లెక్క మాత్రమే, అది ఎందుకు లేచిందో అడిగి, పని నడుస్తోందో లేదో కళ్ళారా చూసుకున్నాకే నలుగురి తిండీ పణం పెట్టాలి.